పెండ్లికిఁ గారకవిచారము

ధర్మార్థకామములను మూఁటిని మన పెద్దలు త్రివర్గమని యొక్క పేరఁ బిలిచిరి. ఒక్క పేరఁ బిలువఁబడినంతమాత్రమున నవి యొక యింటఁ దగవులేక కాపురము చేయునని తలఁపరాదు. అందు నర్థకామములకుఁ గలుగు తగవు మిక్కిలి ప్రాచీనమైనది. దానిని నవ్వుచుఁ దీర్పఁ బూనిన రూపకములును బ్రాచీనములే. శూద్రకుని మృచ్ఛకటికమునందును, గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమునందును గల యీ తగవే 1934వ సంవత్సరమున నమెరికాదేశపుఁ జలనచిత్ర మొకదానియందును, 1952వ సంవత్సరమునఁ దెలుఁగున వెలువడిన "పెళ్ళి చేసి చూడు" అను చిత్రమునందును మఱల విచారణకు వచ్చినది. ఈ నాలుగింటిలో విత్తమున కియ్యఁబడిన స్థానమేమి, దానిని వ్యాకరణపరిభాషతో నిరూపింపవచ్చునా యనునది యీ వ్యాసమునకు విషయము.

పరిశోధకపత్రికయందుఁ జలనచిత్రమునకుఁ జోటేల యని కొంద ఱనవచ్చును. వస్తువు, నేత, రసము అను మూఁటిచేత రూపకములకు భేదము కలుగునని లాక్షణికులు నిర్ణయించిరి. ఈ మూఁడును దీపపు వెలుఁగున రంగముమీఁద నున్నను, యంత్రపు వెలుఁగునఁ దెల్లని తెరమీఁద నున్నను మాఱునవి కావు. అదియుఁగాక మన ప్రాంతమువారి కీ సంశయము తగదు. ఆదోని, ఎమ్మిగనూరు గల తాలూకా 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ వఱకు బళ్ళారి మండలములోనిది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, కోలాచలము శ్రీనివాసరావుగారును దెలుఁగు నాటకమునకుఁ బ్రాణము పోసిన మండల మది. ఆ రంగమునఁ బెరిగిన బళ్ళారి రాఘవగారు తుదకు "ద్రౌపదీ మానసంరక్షణము" (1936), "రైతుబిడ్డ" (1939) అను చలనచిత్రములందును నటించిరి. నటునకు లేని యంటు విమర్శకున కేల?

ఇఁక విషయమునకు వత్తము. తండ్రి కన్యను వరున కిచ్చుచున్నాఁడు అను వాక్యమున దానక్రియకుఁ దండ్రి కర్త, కన్య కర్మము, వరుఁడు సంప్రదానము. ఇచ్చువాఁడు తా నిచ్చు వస్తువుతో నెవని సంబంధింపఁజేయఁ గోరునో వాఁడు సంప్రదానము. స్వత్వము పూర్తిగా విడిచి యిచ్చినఁగాని సంప్రదానత్వము సిద్ధింపదనియు, చాకలికి గుడ్డలు వేయుట దానము కాదనియు వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఈ వాక్యములో ధనమునకుఁ జోటులేదు. కన్యాదానమను సమాసమే ధనమును వెలుపల నిలిపినది.

కాని లోకము ధనమును వెలుపల నుండనీయలేదు. కన్యాశుల్కమున్న కాలమున వాక్యము మాఱెను. ధనముచేత వరుఁడు కన్యను దండ్రివలనఁ గొనుచున్నాఁడు. ఇచ్చట క్రియ దానము గాదు, క్రయము. సంప్రదానమైన వరుఁడు కర్తయయ్యెను, కర్తయైన తండ్రి యపాదానమయ్యెను, ధనము కరణమయ్యెను. కన్య మాత్రము రెండు వాక్యములందును గర్మముగానే నిలిచినది. ఆమె సమ్మతి నడిగినవారు లేరు. 1892వ సంవత్సరమున విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో నచ్చుపడి, 1909లో విస్తృతరూపముఁ దాల్చిన కన్యాశుల్కము ఈ రెండవ వాక్యమును బరిహసించు నాటకము. అందుఁ గరటకశాస్త్రి తన శిష్యునకు నాఁడువేషము వేసి లుబ్ధావధానులకుఁ బెండ్లి చేయించును. సొమ్ము చేతులు మాఱెను, మంత్రములు చదివిరి, కన్య మాత్రము లేదు. కర్మము లేని సకర్మకక్రియవలె నా పెండ్లి యందఱను నవ్వించును.

పిమ్మట నింగ్లీషు చదువును సర్కారుకొలువును వరునకు వెల తెచ్చిపెట్టినవి. వాక్యము మూఁడవమాఱు తిరుగఁబడెను. కాళ్ళకూరి నారాయణరావుగారు తమ నాటకమునకు "వరవిక్రయము" అని పేరిడుటలోనే యీ మార్పు తెలియుచున్నది. ఇప్పుడు కన్యాపిత ధనముచేత వరుని గొనుచున్నాఁడు, వరుఁడు కర్మమయ్యెను. కాని యీ క్రయమునం దొక వింత గలదు. ఆదోని ప్రత్తిబజారున సొమ్ము చెల్లించినవాఁడు బోరెములను దన బండిమీఁద వేసికొని పోవును. ఇందో, సొమ్ము చెల్లించినవాఁడు కొన్న సరకును అమ్మినవాని యింటనే విడిచి, తన బిడ్డనుగూడ నచ్చటికే పంపి, యేటేఁట సారెలు మోయుచుండును. ఇట్టి బేరము నే వర్తకుఁడును జేయఁడు. వ్యాకరణమున నింకొక చమత్కారము గలదు. క్రీధాతువు ఉభయపది, కొనువాఁడు తనకొఱకును గొనవచ్చును, పరునికొఱకును గొనవచ్చును. వి అను నుపసర్గము చేరి విక్రయార్థము రాఁగానే యది యాత్మనేపదమే యగును. అమ్మువాఁ డెన్నఁడును దనకొఱకే యమ్మును గాఁబోలును!

అసలు కీలకము పరిక్రయణమునందున్నది. కొంతకాలమునకుఁ గూలి యిచ్చి యొకనిని వశపఱచుకొనుట పరిక్రయణము. అచ్చట సాధకతమమైన ధనము కరణమే కావలసియున్నను, వికల్పముగా సంప్రదానసంజ్ఞను బొందునని పాణిని యనుమతించెను. నూటిచేతఁ గొనఁబడినవాఁ డనవచ్చును. నూటికిఁ గొనఁబడినవాఁ డనియు ననవచ్చును. రెండవ ప్రయోగమున ధనము పనిముట్టు పీఁట దిగి, గ్రహీత కూర్చుండు పీఁట నెక్కినది. శాస్త్రకారుఁడు శబ్దమునుగుఱించి చెప్పిన యీ వికల్పము లోకమున మనుష్యులకుఁ బట్టిన వికల్పమే. ధనముచేతఁ బెండ్లి జరుగుట వేఱు, ధనమునకుఁ బెండ్లి జరుగుట వేఱు. మొదటిదానిలో ధనము కరణము. రెండవదానిలో సంప్రదానము, వరుఁడు నెపము మాత్రము. వలపునకును విత్తమునకును నడచు తగవును దీర్చు హాస్యరూపకముయొక్క పని విత్తమును వెడలఁగొట్టుట గాదు, దానిని సంప్రదానస్థానమునుండి దింపి కరణస్థానమునఁ గూర్చుండఁబెట్టుట యని నా సిద్ధాంతము.

ఈ సిద్ధాంతమును ముందు పరదేశపుఁ గథయందుఁ బరీక్షింతము. ఫ్రాంక్ కాప్రా దర్శకత్వమున 1934లో వెలువడిన "ఇట్ హాపెన్డ్ వన్ నైట్" అను చిత్రమున నొక ధనికుని కూఁతురు తండ్రి కిష్టములేని వానిని బెండ్లాడి, తండ్రి నిర్బంధింపఁగా నోడనుండి నీటిలోనికి దుమికి పాఱిపోయి, బస్సెక్కి న్యూయార్కునకుఁ బయనమగును. త్రోవలో నుద్యోగము పోయిన పత్రికావిలేకరి యొకఁడు తోడగును. తండ్రి కూఁతును దెలిపినవారికిఁ బదివేల డాలర్లు బహుమానము ప్రకటించును. అమెరికాలో 1929 మొదలు కలిగిన యార్థికక్షోభచేత లక్షలకొలఁది జనులు కొలువులు లేక తిరుగుచున్న కాలమది. అట్టి కాలమునఁ గొలువు లేనివాని కనులయెదుటఁ బదివేలు వ్రేలుచుండుట సామాన్యమైన పరీక్ష గాదు.

కథాంతమున విలేకరి యా తండ్రికడకుఁ బోయి సొమ్మడుగును. బహుమానమునకే వచ్చెనని తండ్రి తలఁచును. ఇతఁడు పదివే లడుగఁడు. త్రోవలోఁ దన చేతినుండి యామెకైన వ్యయము 39 డాలర్ల 60 సెంట్లు మాత్ర మిమ్మని పద్దు చూపును. ఇచ్చటనే కవియొక్క నేర్పున్నది. ఇతఁడు ధనము నంటనని చేతులు కడిగికొన్న విరాగి యైనచో మనకు నమ్మకము పుట్టదు, నవ్వును రాదు. సెంట్లతోఁగూడ లెక్క కట్టినవాఁడు కనుకనే పదివేలను ముట్టకపోవుటకు విలువ గలిగినది. 39 డాలర్ల 60 సెంట్లు ఋణము. పయనమునకుఁ గరణమైన వ్యయము. పదివేలు పరిక్రయము, దానిని గ్రహించినచోఁ జేసిన సహాయమంతయు ధనముకొఱకే యగును. అంతకుముందు నతఁ డామెను బెండ్లాడుటకుఁ జేతఁ గొంత సొమ్మైన నుండవలెనని తలఁచి, తమ కథను బత్రికాధిపతి కమ్మి వేయి డాలర్లు తెచ్చుకొనెను. ఆమె దక్కదని తోఁచఁగానే యా సొమ్మును దిరిగి యిచ్చివేసెను. ధన మతనికి నెల్లప్పుడును బనిముట్టే. ఆమె మొదటి భర్తయో, వివాహబంధమును విడుచుటకుఁ దండ్రియొద్ద సొమ్ము పుచ్చుకొనును. ఇద్దఱకును భేదము దారిద్ర్యధనికత్వములచేతఁ గాక విభక్తిచేత నేర్పడినది.

ఈ చిత్రమున మనవారికి మిక్కిలి దగ్గఱయైన వస్తు వొకటి గలదు. నాయికానాయకులు త్రోవలో నొకే గదిలో రాత్రి గడపవలసిరాఁగా, నాయకుఁడు నడుమఁ ద్రాడు గట్టి కంబళి వ్రేలాడఁదీయును. బైబిలు కథలోని యెరికో పట్టణపుఁ గోటగోడ యని దానికిఁ బరిహాసముగాఁ బేరిడును. ధర్మ్యమైన వివాహము నిశ్చితమైనఁగాని యా గోడ కూలదు. కూలుటతోనే కథ ముగియును. దీనిని జూచిన తెలుఁగువారికిఁ బెండ్లిపీఁటలమీఁద వధూవరుల నడుమఁ బట్టు తెరసెల్ల జ్ఞప్తికి రాక మానదు. సుముహూర్తమున జీలకఱ్ఱయు బెల్లమును శిరస్సుల నుంచువేళ నది దిగును. రెండుచోట్లను దెర యొకటే. రెండుచోట్లను దానిని దింపుటకుఁ దగిన హేతువు కాలమును సమ్మతియును గాని ధనము గాదు. మన సంతలలో దళారులు తుండుగుడ్డ క్రిందఁ జేతివ్రేళ్ళు పట్టి వెల నిర్ణయించుట పెద్దలెఱిఁగినదే. గుడ్డ యొకచోట వెలను దాఁచును, ఒకచోట మానమును గాచును. పెండ్లిపందిటఁ బట్టినది యే గుడ్డయో తెలిసికొనుట వివాహమాడు ప్రతివారికిని విధి.

మృచ్ఛకటికమునందు నిదియే పరీక్ష గలదు. నాలుగవ యంకమున శకారుఁడు పదివేల సువర్ణముల విలువగల నగలతో బండిని బంపఁగా వసంతసేన తిరస్కరించును. పదివేలను సంఖ్య రెండు దేశముల కథలందును గానఁబడుట కాకతాళీయమేకాని చూడముచ్చటగా నున్నది. ఆ వసంతసేనయే పిమ్మటఁ జారుదత్తుని కుమారుఁడు మట్టిబండి వలదని యేడ్వఁగాఁ దన నగలు దీసి యా బండిలో నింపును. అవి నగలే, ఇవి నగలే. అచ్చట విత్తము సంప్రదానము కాఁజూచెను, ఇచ్చటఁ గరణమయ్యెను. మఱియు శర్విలకుఁడు దాసియైన మదనికను విడిపించుటకై దొంగతనము చేసి సొమ్ము తేఁగా, వసంతసేన వెల గొనక మదనికను విడిచి యిచ్చును. క్రయవాక్యము దానవాక్యముగాఁ దిరిగి మాఱిన చోటది. ప్రకరణమున కంతకు నదియే హృదయమని నేను దలఁతును.

ఇఁక మన చిత్రము. విజయావారి "పెళ్ళి చేసి చూడు" 1952లో నెల్. వి. ప్రసాదుగారి దర్శకత్వమున వెలువడినది. ఆ సంవత్సరముననే యఱవమునను, 1965లోఁ గన్నడమునను నీ కథ తెర కెక్కినది. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెతనుండి దీని పేరు పుట్టినది. తెలుఁగును గన్నడమును గలసి పలుకు మన సీమలో నీ సామెత రెండు భాషలందును వినఁబడును. ఇల్లును బెండ్లిని నొక్క త్రాట ముడివేసిన యీ సామెత యా రెండును జేసినవాని సొమ్మును దినునవి యని చెప్పకయే చెప్పుచున్నది. చూడు అను క్రియ యచ్చట దర్శనార్థకము గాదు, అనుభవార్థకము.

కథాసంగ్రహ మిది. చెల్లెలికి సంబంధము వెదకఁబోయిన యొక పల్లెటూరి యుపాధ్యాయునకు ధూపాటి వియ్యన్న యను గ్రామపెద్ద తటస్థపడి, తన యింటి కన్య నతని కిచ్చి, యతని చెల్లెలికిఁ గట్నము తా నిత్తునని మాటయిచ్చి సంబంధము కుదుర్చును. పందిటఁ గట్నము చేతి కందకపోఁగా వరుని తండ్రి కొడుకును వెంటఁబెట్టుకొని లేచిపోవును. కొడుకు తండ్రి వెంటఁ బోవును. కాని మనసు భార్యయొద్దనే యుండుటచేతఁ దరువాత నామెను రహస్యముగాఁ గలిసికొనును. తండ్రికిఁ దెలియవచ్చువేళకుఁ బిచ్చి యెత్తినట్లు నటించును. భార్య నర్సు వేషమున నత్తింటఁ బ్రవేశించును. తుదకుఁ దండ్రి మెత్తఁబడి కోడలి నంగీకరించును. నందమూరి తారకరామారావు, జి. వరలక్ష్మి, జోగారావు, సావిత్రి, ఎస్. వి. రంగారావుగార్లు ఇందలి ముఖ్యపాత్రధారులు.

ఇందలి గుణము ముందు చెప్పెదను. కట్నము లేక కోడలిని గడప త్రొక్కనీయని మామ, యామెయే నర్సుగా రాఁగాఁ దలుపు తెఱచును. నర్సనఁగా జీతమునకుఁ బనిచేయునది. సొమ్ము తెచ్చినఁగాని రానీయనివాఁడు సొమ్మిచ్చి రానిచ్చినాఁ డనుట! పరిక్రయణ మడుగంటఁ దిరుగఁబడిన యీ స్థలము వ్యంగ్యమునకు మంచి యుదాహరణము. కోడలి సేవయొక్క విలువ యా గృహస్థునకు సంబంధముగాఁ దెలియలేదు, కూలిగాఁ దెలిసినది. బుద్ధి గలవాఁ డొక్కఁడు పిచ్చివాఁడుగా నటింపనిది సత్య మా యింటఁ జెల్లకపోవుటయు నట్టిదే. ఇవి రెండును హాస్యమును బైపూఁతగాఁ గాక కథయొక్క యెముకగాఁ జేసినవి.

దోషమును జెప్పక తప్పదు. పందిటఁ దండ్రి లెమ్మనఁగా లేచిన నాయకుని మౌనము కథకు మూలము; ఆ మౌనమును గవి తగినంత శిక్షింపలేదు. పితృవాక్యపరిపాలనమని కొందఱు సమర్థింతురు. రాముఁడు తండ్రిమాటకై తన రాజ్యమును విడిచెను; పరుని కూఁతును విడువలేదు. తన సొత్తును ద్యజించుట త్యాగము. పరుల బ్రదుకును ద్యజించుట త్యాగము గాదు. అమెరికా కథలోని నాయకుఁడు ధనము కలవాని యెదుట నిలిచి తన లెక్క తానే చెప్పెను. మన నాయకుఁడు చాటుననే గెలిచెను. అందుచేతఁ గట్నము తప్పను సిద్ధాంతము కంటె దండ్రిని మాయపుచ్చు నుపాయము ప్రేక్షకుని మనసున నెక్కువగా నిలుచును. మఱియు వియ్యన్న పాత్రముచేతఁ గలిగిన యాక్షేప మింకొకటి: కట్నము నిత్తునని మాటయిచ్చి తప్పినవాఁడు ధర్మాత్ముఁడుగానే నిలుచుటచేత, నడిగినవాఁడే దోషి, యొప్పుకొన్నవాఁడు నిర్దోషి యను భ్రమ కలుగును. 1961లో వచ్చిన వరకట్ననిషేధశాసనము ఇచ్చుటను బుచ్చుకొనుటను రెంటిని నేరములుగాఁ జేసినది. శాసనకర్త కర్తల నిద్దఱను గుర్తించెను. కవి యొక్కనినే గుర్తించెను.

ఇట్టి కథలన్నియుఁ దుదకు వలపును విత్తమును రెంటిని నాయకున కిచ్చివేయును గనుక నివి యుత్త బుజ్జగింపులని పూర్వపక్షము గలదు. చారుదత్తునకు రాజ్యము లభించెను. విలేకరికి ధనికుని కూఁతురు లభించెను. మన నాయకునకు నత్తవారి మాటయుఁ దండ్రి యిల్లును దక్కెను. సమాధాన మిది. ఫలమునకును హేతువునకును భేదము గలదు. కోరకయే వచ్చిన విత్తము ఫలము. విత్తము కొఱకే చేసినపుడు హేతువు. ప్రేక్షకుఁడు ఫలమును జూచి సంతసించి, హేతువును మఱచినచో దోషము ప్రేక్షకునిది. కాని కవియు హేతువును మఱవరానంత గట్టిగాఁ జూపవలెను. 39 డాలర్ల 60 సెంట్ల పద్దు అట్టి గట్టి గుఱుతు. "పెళ్ళి చేసి చూడు"లో నట్టి పద్దు లేదు. ఆ కారణముననే యా చిత్రమును జూచి కడుపార నవ్వినవారే యింటికిఁ బోయి కట్నపు మాటలకుఁ గూర్చుండుటకు సందు దొరకినది.

ఆ సందున లోకము చేసిన పని పేరు మార్చుట. శాసనము వచ్చినపిమ్మటఁ గట్నము కానుక యయ్యెను, లాంఛనమయ్యెను, ఆఁడుబిడ్డ ముచ్చటయయ్యెను. శబ్దము మాఱినను గారకము మాఱలేదు. శబ్దజ్ఞులమైన మన మీ మోసమును గ్రహింపకపోయినచో నింకెవరు గ్రహింతురు? ఎమ్మిగనూరున నేఁతగాండ్ర నడిగినను మాటల భేదము తెలియును. మాచాని సోమప్పగారు 1938లో నచ్చట నేఁతవారి సహకారసంఘమును నెలకొల్పిరి. సంఘము నూ లిచ్చినది దానము గాదు. మగ్గమునుండి దిగిన బట్టను సంఘమునకుఁ జేర్చుట కానుక గాదు. నడుమ నిచ్చినది కూలి. ఆ బట్ట బజారునఁ బలికినది వెల. ఆ బట్టనే యాఁడుబిడ్డకుఁ బెట్టిన నది కానుక. కూలి, వెల, కానుక అను మూఁడు మాటలను మగ్గముముందు గూర్చున్నవాఁ డెన్నఁడును దాఱుమాఱు చేయఁడు. చేసినచో నతనికిఁ బూఁట గడవదు. దాఱుమాఱు చేయువారు చదివినవారే.

కావున బడులలో విభక్తులు చెప్పు పండితులకు నా విన్నప మొకటి. చతుర్థీతృతీయల భేదము చెప్పునపుడు గ్రామము, గోవు, బ్రాహ్మణుఁడు అను పాతయుదాహరణములతోపాటు పెండ్లిని గూడ నుదాహరింపుఁడు. ధనముచేతఁ జేసిన పెండ్లి, ధనమునకుఁ జేసిన పెండ్లి యని రెండు వాక్యములు పలకమీఁద వ్రాయింపుఁడు. విద్యార్థి నవ్వును, నవ్వినపిమ్మట మఱవఁడు. "పెళ్ళి చేసి చూడు" ఉత్తమప్రహసనము. దాని నవ్వు నిజమైనది, దాని నాయకుని ధైర్యము మాత్రము నిజమైనది కాదు. మృచ్ఛకటికము దానికంటెఁ బెద్దది. ఏలయనఁగా నందుఁ దనకు వచ్చిన వెలను విడిచి, కర్మముగా నున్న యొక దాసిని గర్తగా నిలిపిన స్త్రీ గలదు. కన్య కర్మస్థానమునుండి కర్తృస్థానమునకు వచ్చినఁగాని యే కారకవ్యవస్థయుఁ బెండ్లిని సాధుప్రయోగము గావింపఁజాలదు.